వినికిడి లోపించిన బిడ్డకు ఏ భాష?

ఉర్దూ, తెలుగు పుటలు ప్రక్కప్రక్కనే అచ్చయ్యే ఈ వార్షిక సంచికలో భాషను గూర్చి వ్రాయడం మాకు కొత్త కాదు. కాని ఇప్పుడు ప్రస్తావించదలచిన ప్రశ్న సాహిత్య విద్యార్థులు సాధారణంగా వేసుకొనేది కాదు. పుట్టుకతోనే చెవి వినబడని బిడ్డకు ఏ భాష నేర్పాలి? ఎప్పటినుంచి నేర్పాలి? మన శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలలో పెద్దలు ఈ ప్రశ్న వేసుకొనేసరికే చాలా ఇళ్ళలో ఆలస్యమైపోతున్నది.

పుట్టే ప్రతి వెయ్యిమంది శిశువులలో ఒకరిద్దరికైనా తీవ్రమైన వినికిడి లోపం ఉంటుందని వైద్యులు చెబుతారు. మేము ఎరిగిన ఒక కుటుంబంలో అటువంటి బిడ్డ పుట్టాడు. రెండేళ్ళు నిండినా వాడు "అమ్మీ" అనలేదు. దాదీ వెనుకనుంచి పళ్ళెం మోగించి చూసింది, వాడు తిరిగాడు. నేల అదిరినందుకో, నీడ కదలినందుకో తిరిగి ఉంటాడని ఎవరికీ తోచలేదు. "వాళ్ళ అబ్బాకూ మాటలు ఆలస్యంగానే వచ్చాయి" అని సరిపెట్టుకొన్నారు. పొరుగింటి అవ్వ వస అరగదీసి నాకించమన్నది. మరొకరు నాలుక క్రింది నరం కోయించమన్నారు. దర్గాకు తీసుకొని వెళ్ళారు. ప్రార్థనను మేము ఆక్షేపించము. ప్రార్థన పేరిట పరీక్షను వాయిదా వేయడాన్నే ఆక్షేపిస్తాము. విశాఖపట్నంలో పరీక్ష జరిగేనాటికి వానికి నాలుగేళ్ళు దాటాయి.

ఆ దంపతులు అన్నదమ్ముల బిడ్డలు. మన హిందూ సోదరులలో మేనరికం ఎంత ప్రీతికరమో, మాలో ఈ సంబంధాలు అంత ప్రీతికరం. దగ్గరి రక్తసంబంధంలో పెళ్ళిళ్ళు జరిగినప్పుడు పుట్టుచెవుడు సంక్రమించే అవకాశం పెరుగుతుందన్నది సందేహం లేని విషయం. ఆస్తి చెదరకూడదని చేసే పెళ్ళికి బిడ్డ వినికిడి వెల కావచ్చు. అయినా నింద మాత్రం తల్లి ఒక్కతే మోస్తుంది.

ఇంత తొందర ఎందుకని కొందరు అడుగవచ్చు. మాటను పట్టుకొనే శక్తి మెదడుకు తొలి సంవత్సరాలలో ఉన్నంతగా మరెన్నడూ ఉండదు. అందుచేతనే ఒక నెలలోపల పరీక్ష, మూడు నెలలలోపల నిర్ధారణ, ఆరు నెలలలోపల శిక్షణ అని నిపుణులు గడువు పెట్టుకొన్నారు. నిద్రపోతున్న పసికందు చెవిలో చిన్న గొట్టం అమర్చి కొద్ది నిమిషాలలో చేయగల పరీక్ష ఉన్నది. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం తన జాబితాలో పుట్టుచెవుడును చేర్చింది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకంలో, కాలక్రమాన, పసిపిల్లలకు కాక్లియర్ ఇంప్లాంటు శస్త్రచికిత్స కూడా చేరింది. ఇవి గొప్ప మేళ్ళు. కాని ఇచ్ఛాపురంనుంచి విశాఖలోని చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రికి 200 కిలోమీటర్లకు పైబడిన దారి. పరీక్షకు ఒకసారి వెళ్ళగలరు. శిక్షణకు వారం వారం వెళ్ళగల కూలివాడెవడు? యంత్రం కొనిపెట్టినా బ్యాటరీలు, తెగిన తీగలు తల్లిదండ్రుల భారమే. మన సముద్రతీరపు ఉక్కకు, చెమటకు ఆ సున్నితమైన పరికరాలు త్వరగా చెడిపోతాయి. రాత్రివేళ తేమను పీల్చే గుళికలున్న డబ్బాలో వాటిని ఉంచాలని చెప్పేవారు కూడా కరువే.

ఇక భాష సంగతి. మేము చెప్పిన బిడ్డకు రెండు చెవులకూ యంత్రాలు అమర్చారు. శిక్షణ ఇచ్చే ఆమె మంచి మనస్సుతోనే ఒక మాట అన్నది: "రెండు భాషలైతే పిల్లవాడు తికమకపడతాడు. ఇంట్లో తెలుగే మాట్లాడండి." ఆ తల్లికి వచ్చిన తెలుగు బజారు తెలుగు, కూరల బేరానికి చాలుతుంది గాని బిడ్డను లాలించడానికి చాలదు. తప్పు మాట్లాడుతానేమోనని జంకి, ఆమె క్రమంగా మాట్లాడడమే తగ్గించింది. చెవిలో యంత్రం ఉన్నది, దానిలో పడడానికి మాట లేదు! వృత్తిచేత తెలుగు ఉపన్యాసకులమైనా మేము ఆమెకు ఇచ్చిన సలహా ఇది: "బెహన్, ఉర్దూలోనే మాట్లాడండి. రోజంతా మాట్లాడండి. తెలుగు వీధినుంచి, బడినుంచి వస్తుంది." ఇది మా మమకారంకొద్దీ చెప్పినది కాదు. తొలినాళ్ళలోనే యంత్రం అమరి, నిత్యం మాట వింటున్న పిల్లలు రెండు భాషలను నేర్వగలరని పరిశీలనలు చూపుతున్నాయి. వీడికి ఆలస్యమైన మాట నిజమే. అయితే ఆలస్యమైనవాడికి తల్లి మాట ఇంకా ఎక్కువ అవసరం కాదా?

ఈ వాదనకు మన జిల్లాలోనే ఒక పెద్దదిక్కు ఉన్నారు. శ్రీకాకుళం సమీపాన పర్వతాలపేటలో జన్మించిన గిడుగు వేంకట రామమూర్తి పంతులు (1863–1940) పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై ఉండగా సవరల భాష నేర్చి, వాచకాలు వ్రాసి, సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించారు. ఆ కొండలలో తిరిగి మలేరియా బారిన పడి, దానికి వాడిన క్వినైను వలన వినికిడి పోగొట్టుకొన్నారు. ఏటా ఆగస్టు 29న ఆయన పటానికి దండవేసి వ్యావహారిక భాషను కీర్తిస్తాము (ఈ మా వాక్యాలకు ఇంకా గ్రాంథికపు వాసన వదలలేదు, పంతులుగారు క్షమింతురు గాక). ఆయన చెవుడు గురించి మాత్రం మాట్లాడుకోము. 2022లో ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలోని సీతంపేట కొండలలో చెవి వినబడని సవర బిడ్డ ఉంటే, వానికి తెలుగులో మాత్రమే శిక్షణ లభిస్తే, మేము చెప్పిన తల్లి మౌనమే ఆ ఇంటా ఆవరిస్తుంది.

చేతి సైగల విషయంలోనూ మనకు ఒక అపోహ ఉన్నది. సైగలు నేర్పితే మాట రాదని భయపడి పిల్లల చేతులు పట్టి ఆపే తల్లిదండ్రులను చూశాము. 1880లో మిలాన్‌లో సమావేశమైన విద్యావేత్తలు బధిరుల బడులనుంచి సైగభాషను బహిష్కరించాలని తీర్మానించారు. ఆ తీర్మానాలను తిరస్కరిస్తూ వాంకూవర్ సమావేశం విచారం తెలుపడానికి 2010 వరకు పట్టింది. మన దేశంలో భారతీయ సంజ్ఞాభాషకు 2015లో ఢిల్లీలో ఒక పరిశోధనా కేంద్రం ఏర్పడింది. యంత్రంతో లాభం పొందని బిడ్డకు సైగ పూర్తి భాష. లాభం పొందిన బిడ్డకు యంత్రం తీసివేసిన రాత్రివేళ అదే ఆసరా.

మన హైదరాబాదువారైన నవాబ్ అలీ యావర్ జంగ్ పేరిట 1983లో బొంబాయిలో నెలకొన్న జాతీయ వినికిడి సంస్థకు సికింద్రాబాదులో ప్రాంతీయ కేంద్రం ఉన్నది. ఉర్దూ, తెలుగు రెండూ వచ్చిన మన విద్యార్థినులలో ఇద్దరు ముగ్గురైనా ఈ విద్య అభ్యసించి మన జిల్లాలకు తిరిగి వస్తే, సవర వచ్చిన గిరిజన యువతికి ఇదే విద్యలో అవకాశం లభిస్తే, వారం వారం విశాఖ ప్రయాణం తప్పుతుంది. ఉపాధ్యాయ శిక్షణకే బారులు తీరే మన పిల్లలకు ఇటువంటి ఉద్యోగం ఒకటి ఉన్నదని చెప్పినవారెవరు? మేమూ ఇంతవరకు చెప్పలేదు.

మొన్న మేము ఆ ఇంటికి వెళ్ళినప్పుడు పిల్లవాడు మమ్మల్ని చూసి, చేతితో కూర్చోమని సైగచేసి, లోపలికి తిరిగి "అమ్మీ, సార్" అని పిలిచాడు. వానికి ఇప్పుడు ఏడవ ఏడు.