రాతిలో తామరపువ్వు, పంక్తిలో మనిషి

కాజీపేట నుంచి విజయవాడకు పోయే రైలుమార్గంలో డోర్నకల్ ఒక జంక్షను. బొగ్గుగనుల ప్రాంతమైన భద్రాచలం రోడ్డుకు శాఖ చీలేది ఇక్కడే. బండి మారడానికి ఇక్కడ దిగే ప్రయాణికులలో చాలమందికి ఈ చిన్న ఊళ్ళో ఒక ప్రసిద్ధ క్రైస్తవ దేవాలయం ఉన్నదన్న సంగతి తెలియదు. తెలిసి చూడబోయినవారికి మొదట కలిగేది ఆశ్చర్యం. చర్చి అనగానే మనసులో మెదిలే సూదిమొన గోపురం అక్కడ కనిపించదు. ముస్లిం కట్టడాలను తలపించే గుమ్మటాలు, దక్షిణాది ఆలయ మండపాలను గుర్తుకుతెచ్చే స్తంభాలు, శిల్పాలలో శిలువతోపాటు తామరపువ్వు! 1939 జనవరి 6న, తూర్పుదేశపు జ్ఞానులు బాలయేసును దర్శించుకొన్నారని క్రైస్తవులు స్మరించే పండుగనాడు, ఈ ఆలయ ప్రతిష్ఠ జరిగింది. ఆలయానికి ఆ పండుగ పేరే పెట్టారు.

పరాయి నేల నుంచి వచ్చిందని పేరుపడిన మతం ఈ నేల వేషం ధరించడం ఇదే మొదలు కాదు. అంతకు ఎంతో ముందే పురుషోత్తమ చౌదరి (1803-1890) రాగతాళాలతో క్రైస్తవ కీర్తనలు రచించారు. అవి నేటికీ తెలుగు చర్చిలలో వినిపిస్తూనే ఉన్నాయి. రాగాన్నీ, రాతినీ తనవి చేసుకోవడం ఒక మతానికి అంత కష్టమేమీ కాదు. మనుషులను ఒక పంక్తిలో కూర్చోబెట్టడమే కష్టం. డోర్నకల్ గుడి కట్టించిన మనిషికి ఈ సంగతి అందరికన్న బాగా తెలుసు.

ఆయన తెలుగువాడు కాదు. వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1874లో తిరునెల్వేలి సీమలోని ఒక పల్లెలో పుట్టిన తమిళుడు. తండ్రి గ్రామ గురువు. వారిది నాడార్ కులం, ఆ రోజులలో పెక్కు దేవాలయాలలో అడుగుపెట్టే హక్కు లేని కులం. వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా దేశమంతా తిరిగిన అజరయ్య, 1903లో భారతీయుల ధనంతో, భారతీయుల చేతులమీదుగా నడిచే ఒక మిషనరీ సంఘాన్ని తిరునెల్వేలిలో స్థాపించడంలో ముందున్నారు. 1909లో ఆ సంఘం పక్షాన తానే నిజాం రాజ్యంలోని డోర్నకల్‌కు తరలివచ్చారు. నడివయసు సమీపిస్తుండగా కొత్తగా తెలుగు నేర్చుకొని, ఎడ్లబండిపైనా సైకిలుపైనా పల్లెలు తిరిగారు.

మరుసటి సంవత్సరం స్కాట్లండులోని ఎడింబరో నగరంలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. సుమారు 1,200 మంది ప్రతినిధులు. వారిలో ఆసియావాసులు చాల కొద్దిమంది. ముప్పయి ఐదేళ్ళ అజరయ్యకు మాట్లాడవలసినదిగా ఇచ్చిన విషయం తెల్ల మిషనరీలకూ, దేశీయ సహచరులకూ గల సంబంధం. వేదికపై మర్యాదకు రెండు పొగడ్తలు పలికి దిగిపోయి ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కారు. ఆయన అలా చేయలేదు. ఏళ్ళ తరబడి కలిసి పనిచేసినా, భారతీయ సహచరుని ఇంటి గడప తొక్కని మిషనరీలు ఉన్నారనీ, అతనితో కలిసి భోజనం చేసినవారు అరుదనీ సభాముఖంగా చెప్పారు. దొరలు చేసిన త్యాగాలకు భారతదేశపు సంఘం రుణపడి ఉంటుందని ఒప్పుకొంటూనే, తమకు దానాలకన్న స్నేహం కావాలని ముగించారు. ఆ మాటలు సభలో కొందరిని కలచివేశాయి, మరికొందరికి ఆగ్రహం తెప్పించాయి. ఆనాటి ప్రసంగాలలో నేటికీ ఎక్కువగా తలచుకొనేది అదే.

గమనించవలసినదేమంటే, అజరయ్య ఫిర్యాదు సిద్ధాంతాలకు సంబంధించినది కాదు. అది భోజనపు బల్లకు సంబంధించినది. పక్కన కూర్చుని తినడానికి ఇష్టపడని వ్యక్తి చెప్పే సోదరభావాన్ని నమ్మేదెట్లా?

1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన బిషప్‌గా అభిషిక్తులయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవినందుకొన్న తొలి భారతీయుడు ఆయనే. ఒక నల్లవాని అధికారం కింద తెల్లవారు పనిచేయడమా అని కొందరు మిషనరీలు అభ్యంతరం తెలిపినందువల్ల, మొదట ఆయనకు అప్పగించిన ప్రాంతం చాల చిన్నది. 1920 తరువాతనే అది విస్తరించింది, అభ్యంతరపడినవారూ ఆయన కింద పనిచేశారు.

డోర్నకల్ పల్లెలలో సంఘంలో చేరినవారు అత్యధికంగా మాలలు, మాదిగలు. ఊరికి వెలుపల ఉన్నవారు. వారికి బాప్తిస్మమిచ్చి చేతులు దులుపుకొంటే చాలదని అజరయ్య భావించారు. మురికి, రోగం, అప్పు, తాగుడు అనే నాలుగు భూతాలను పల్లె నుంచి వెళ్ళగొట్టాలని బోధించారు. పంటల పండుగనాడు భక్తులు తొలి ధాన్యమో, కోడిపిల్లో, గంపెడు కూరగాయలో గుడికి తెచ్చే సంప్రదాయాన్ని ప్రోత్సహించారు. పేదవాడు పుచ్చుకొనేవాడుగానే ఎప్పటికీ మిగిలిపోరాదన్నది ఆయన పట్టుదల. గుడ్డు తెచ్చినవాడు కూడ దాతే గదా! ఆయన కన్నుమూసే నాటికి ఆ మేత్రాసనంలో క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటింది.

ఈ సంఖ్యే వివాదానికి కారణమయింది. 1930లలో గాంధీజీ ఇటువంటి సామూహిక మతాంతరాలను ‘హరిజన్’ పత్రికలో గట్టిగా విమర్శించారు. నిరక్షరాస్యులకు మతతత్త్వం ఏమి బోధపడుతుందన్నది ఆయన ప్రశ్న. ప్రలోభాల సంగతిలో ఆ హెచ్చరిక అనవసరమైనదని చెప్పలేము. కాని బావినీరు ముట్టరాదన్న కట్టుబాటులోని అన్యాయం బోధపడడానికి అక్షరజ్ఞానం అక్కరలేదు. ఎక్కడ తలెత్తుకొని నిలబడగలనో నిర్ణయించుకొనే వివేకం కూలివానికి లేదనడం, దయతో అన్న మాటే అయినా, దయగా వినిపించదు. మరోవంక అజరయ్య రాజకీయంగా తన మతస్థుల ప్రత్యేకత కోరినవారు కారు. 1932లో క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు ప్రకటించినపుడు ఆయన వ్యతిరేకించారు.

1919లో తరంగంబాడిలో వివిధ శాఖల నాయకులు సమావేశమై సంఘాల ఐక్యతకు పిలుపునిచ్చారు. ఆ ప్రయత్నంలో అజరయ్య ముఖ్యులు. ఇంగ్లండులో చీలిన శాఖల తగవులు తెలుగు పల్లె నెత్తిన ఎందుకు రుద్దాలన్నది వారి వాదం. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. ఆయన 1945 జనవరి 1నే మరణించారు, ఆ దినం చూడలేదు.

శాఖలు కలిశాయి. కులాలో? ఇక్కడే కథ చిక్కుపడింది. గుఱ్ఱం జాషువ క్రైస్తవ కుటుంబంలోనే పుట్టారు. అయినా 1941 నాటి ‘గబ్బిలం’లో ఆయన పలికించినది కోవెలలో అడుగుపెట్టలేని అరుంధతీసుతుని వేదన. బాప్తిస్మ జలం ఊరివారి దృష్టిలో అంటును కడగలేదని ఆ కవికి స్వానుభవం. ఊరివారి సంగతి అటుంచి, చర్చిలోనే వేరు వరుసలు, శ్మశానంలోనే వేరు భాగాలు తమిళనాడులోని కొన్ని చోట్ల ఏళ్ళ తరబడి ఉన్నాయి. మరణించినవారి మధ్య కూడ గోడ అవసరమనుకొన్నవారు ఆదివారంనాడు ఏ ప్రార్థన చేశారో!

చట్టం మరోరకంగా చూసింది. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. తెలుగునాట క్రైస్తవం స్వీకరించిన దళితులను బి.సి. ‘సి’ వర్గంలో ఉంచారు. మద్రాసులో రోడ్డు పక్కన చెప్పులు కుట్టే ఒక దళిత క్రైస్తవుని ఉదంతం ఈ చిక్కును కళ్ళకు కడుతుంది. 1982లో అక్కడి చెప్పులు కుట్టేవారికి ప్రభుత్వం ఉచితంగా చిన్న బడ్డీలు ఇచ్చింది. అదే రోడ్డు, అదే పని, అయినా అతనికి రాలేదు. సుప్రీంకోర్టుదాకా వెళ్ళాడు. మతం మారిన తరువాత కూడ కులబాధలు అంతే తీవ్రంగా కొనసాగుతున్నాయని నిరూపించే ఆధారాలు లేవంటూ 1985లో కోర్టు పిటిషన్‌ను కొట్టివేసింది. ఇది చర్చి పెద్దలను ఇరకాటంలో పెట్టిన తీర్పు. ఆధారాలు చూపాలంటే తమ ఇంటి గుట్టు తామే బయటపెట్టుకోవాలి. తమలో కులం లేదని ఆదివారం చెప్పి, ఉన్నదని సోమవారం అర్జీ పెట్టుకోవడం ఎట్లా?

హోదాకూ మతానికీ ముడి తెంచాలని 2007లో రంగనాథ మిశ్రా కమిషన్ సిఫారసు చేసింది. 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వం ఇదే విషయమై మాజీ ప్రధాన న్యాయమూర్తి బాలకృష్ణన్ అధ్యక్షతన మరో కమిషన్‌ను నియమించింది.

ఈలోగా మౌనం కొంత సడలింది. 2016 డిసెంబరులో భారత కాథలిక్ బిషప్పుల సమాఖ్య దళితుల సాధికారతపై ఒక విధానపత్రం వెలువరించి, సంఘంలో కులవివక్ష ఉన్నదని ఒప్పుకొని, అది పాపమని ప్రకటించింది. 2022 ఆగస్టు 27న రోములో హైదరాబాదు ఆర్చిబిషప్ పూల ఆంథోని కార్డినల్‌గా నియుక్తులయ్యారు. కర్నూలు సీమ పల్లెలో పుట్టిన తెలుగువాడు. యేసు శిష్యుడు తోమా మొదటి శతాబ్దిలోనే వచ్చాడని క్రైస్తవులు చెప్పుకొనే ఈ దేశంలో, దళిత కుటుంబంలో పుట్టినవారికి ఆ పదవి దక్కడం అదే మొదటిసారి.