భయానకమునకు పుట్టినిల్లు

పరదేశమునకు పోయిన పడుచువారు ఆపదలో చిక్కుకొను ఆంగ్ల చలనచిత్రములు నేడు మన విద్యార్థుల చేతిఫోనులలోనికి వచ్చినవి. వానిలో పేరుమోసినది ఈలై రాత్ తీసిన ‘హాస్టల్’ (2005). పేరు చూచి పిల్లల వసతిగృహమని భ్రమపడరాదు. ఇది బాటసారుల సత్రము. ఇద్దరు అమెరికా యువకులును, ఐస్‌లాండు మిత్రుడొకడును ఆమ్‌స్టర్‌డామ్‌లో పరిచయమైనవాని మాట నమ్మి స్లొవేకియాలోని ఒక ఊరు చేరుదురు. అచట సొమ్ము చెల్లించినవారు మనుష్యులను చిత్రవధ చేయవచ్చును!

ఇట్టి చిత్రములు చూచు పిల్లలను నేను మందలింపను. భయానకము మన ఆలంకారికులు ఒప్పిన రసమే. అయితే భరతుడు దానిని బీభత్సముతో కలుపక వేరుగా లెక్కించెను. తెల్లవారుసరికి తోడివాడు కానరాకుండుట, అతడు వెళ్లిపోయినాడని సత్రమువారు తాపీగా చెప్పుట భయానకము. పిదప తెరనిండ పారు నెత్తురు బీభత్సము. మొదటిదానికి నేర్పు వలయును. రెండవదానికి రంగునీళ్లు చాలును.

నా అభ్యంతరము వేరు. ఆ చిత్రము చూచినవాడు భయమునకు నివాసము పరుల ఊరని తలచును. స్లొవేకియావారు నొచ్చుకొనిరి, అసలు చిత్రీకరణ జరిగినది చెక్ దేశములో. సొమ్ము చెల్లించి చంపవచ్చువారిలో అమెరికావాడును కలడు. అయినను అపకీర్తి ఆ ఊరికే మిగిలినది. పరుల ఊరిని దొంగలయూరనుట సులభము. మా ఒంటిమిట్టకు ఆ పేరు ఒంటుడు, మిట్టుడు అను ఇద్దరు దొంగల వలన వచ్చినదని స్థలైతిహ్యము! వారు పిదప రామభక్తులైరి. 1652లో ఈ దారిని వచ్చిన ఫ్రెంచి బాటసారి టావెర్నియర్ మా గోపురమును మెచ్చుకొనెను.

ఈ విషయమున ‘పాతాళభైరవి’ (1951) మిన్న యందును. తీసిన కె.వి. రెడ్డి తాడిపత్రివాడన్న పక్షపాతము కాదిది, ఉన్నను కొంచెమే. అందును మాంత్రికుడు నేపాళమునుండి వచ్చిన పరదేశియే. ఆ దోషము మనకును కలదు. కాని తోటరాముడు అతని వెంట ఏల పోయెను? రాకుమారిని పెండ్లాడవలెనన్న తనతో సరితూగు సంపద తెమ్మని రాజు షరతు పెట్టెను. తోటమాలి ఇంటి పిల్లవానికి అంత సంపద ఎక్కడిది? సంపద చూపెదనని మాంత్రికుడు పిలిచెను. బలియిచ్చుటకు గుహకు తోడుకొనిపోయెను. భయము గుహలో పుట్టలేదు, రాజు షరతులో పుట్టినది.

2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టిన ఉదంతమును దీని ప్రక్కన ఉంచి చూడుడు. డేటా ఎంట్రీ ఉద్యోగములని చెప్పి ఏజెంట్లు మన యువకులను కంబోడియాకు పంపిరి. అచట వారిని నిర్బంధించి, ఫోనులలో సాటి భారతీయులనే మోసగించు పని చేయించిరి. పంపినవారు మాంత్రిక వేషమున రాలేదు, తెలుగు మాటలాడినవారే. తోటరాముడు బలి కావలసినవాడు మాత్రమే. ఈ యువకులు ఇతరులను బలియిచ్చు చేతులుగా కూడ మార్చబడిరి. ఇంతటి భయానకమును ‘హాస్టల్’ ఊహింపలేదు.

రాజంపేట, రాయచోటి ప్రాంతములలో కువైట్‌కు మనిషిని పంపని వీథి అరుదు. తరగతిలో ఇట్టి చిత్రము మాట వచ్చినపుడు ఉపాధ్యాయులు పిల్లలతో ఇంటికి ఒక ప్రశ్న పంపవచ్చును. అచటికి పోయినవారు మొదట ఎపుడు భయపడిరి? పాస్‌పోర్టు యజమాని చేతిలో పెట్టినపుడా, ఇచట అప్పుపత్రముపై వ్రాలు చేసినపుడా?