కోట్ల కారుకు ఊరికే వచ్చే గాలి

పెట్రోల్ బంకులో గాలి కొట్టే చోట ఏ కారు ఆగినా వినిపించే ప్రశ్న ఒక్కటే: "ఎంత కొట్టమంటారు సార్?" యజమాని తడబడితే జవాబు కూడా కుర్రాడే చెప్పేస్తాడు: "నాలుగింటికీ ముప్పై ఐదు వేసేస్తున్నా." చిన్న హ్యాచ్‌బ్యాక్‌కూ అదే అంకె, రెండు కోట్ల స్పోర్ట్స్ కారుకూ అదే అంకె. టైర్లు కొనేటప్పుడు వారాల తరబడి బ్రాండ్లు పోల్చి, వేలకు వేలు పోసిన మనిషి, అందులో ఉండాల్సిన గాలి దగ్గరికి వచ్చేసరికి ఎవరో చెప్పిన అంకెకు తల ఊపుతాడు. ఇందులో కుర్రాడి తప్పేమీ లేదు. డ్రైవర్ తలుపు తీస్తే పక్క స్తంభం మీదో, పెట్రోల్ మూత లోపలో కారు తయారీదారు అతికించిన చీటీ ఉంటుంది. ముందు టైర్లకు ఎంత, వెనక టైర్లకు ఎంత అని అందులో విడివిడిగా రాసి ఉంటుంది. దాన్ని చదవాల్సింది కారు కొన్నవాడే.

ఆ రెండు అంకెలు వేర్వేరుగా ఉండటానికి కారణం ఉంది. పోర్షె 911 లాంటి కారులో ఇంజిన్ వెనక ఉంటుంది, బరువులో దాదాపు 60 శాతం వెనక చక్రాల మీదే పడుతుంది. అందుకే వెనక టైర్లు వెడల్పుగా ఉంటాయి, వాటిలో గాలి కూడా ఎక్కువ ఉండాలి. నాలుగింటికీ ఒకే అంకె వేస్తే మలుపులో ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య ఇంజినీర్లు కుదిర్చిన పొత్తు చెడుతుంది. అమెరికాలో షెవర్లే కంపెనీ 1960 మోడల్‌గా తెచ్చిన కార్వెయిర్‌ది ఇదే కథ. దానికీ ఇంజిన్ వెనకే. మలుపులో వెనక భాగం పక్కకు జారిపోయే స్వభావాన్ని అదుపులో ఉంచేందుకు ముందు టైర్లలో 15 పీఎస్ఐ, వెనక టైర్లలో 26 పీఎస్ఐ గాలి ఉండాలని కంపెనీ చెప్పింది. అప్పటి అమెరికన్ కార్ల యజమానులకు ఇంత తేడా పెట్టే అలవాటు లేదు. రాల్ఫ్ నాడర్ 1965లో వచ్చిన తన పుస్తకంలో మొదటి అధ్యాయాన్ని ఈ కారుకే కేటాయించాడు. కారు నిలకడను టైర్లలో గాలి నింపేవాడి జాగ్రత్త మీద ఆధారపడేలా చేయడం అతని అభ్యంతరాల్లో ఒకటి. ఆ కాలపు ఇతర కార్లతో పోలిస్తే కార్వెయిర్ మరీ ప్రమాదకరమైనది కాదని అక్కడి ప్రభుత్వ సంస్థ 1972లో తేల్చింది. ఆ వివాదంలో ఎవరి పక్షం వహించినా, టైరులో గాలి కూడా కారు డిజైన్‌లో భాగమేనన్న సంగతి మాత్రం కాదనలేం.

అసలు కారును మోసేది రబ్బరు కాదు, లోపలి గాలి. 1,500 కిలోల కారులో ఒక్కో చక్రం మీద సుమారు 375 కిలోల బరువు పడుతుంది. 36 పీఎస్ఐ అంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు రెండున్నర కిలోలు. భాగిస్తే వచ్చేది 150 చదరపు సెంటీమీటర్లు, అంటే ఇంచుమించు ఒక అరచెయ్యి. నాలుగు టైర్లూ కలిసి రోడ్డును తాకేది ఒక ఏ4 కాగితమంత కూడా ఉండదు. పక్కగోడల బిగువు వల్ల ఈ లెక్క కొంచెం అటూ ఇటూ అవుతుంది కానీ మూల సూత్రం ఇదే. వెడల్పు టైరు వేస్తే రోడ్డుకు ఆనే వైశాల్యం బాగా పెరిగిపోతుందని చాలామంది నమ్మకం. అదే బరువు, అదే పీడనం ఉన్నప్పుడు వైశాల్యం పెద్దగా మారదు, దాని ఆకారం మారుతుంది. నిలువుగా పొడుగ్గా ఉండేది అడ్డంగా వెడల్పవుతుంది. మలుపులో అది మేలే, వాన నీళ్లలో మాత్రం కాదు. అందంగా కనిపిస్తుందని కంపెనీ చెప్పిన కొలత దాటి పెద్ద అల్లాయ్ వీల్స్, సన్నటి పక్కగోడల టైర్లు బిగించుకునే వారు ఈ సంగతి ఆలోచించాలి. మన గుంతల రోడ్ల మీద ఆ సన్నటి గోడే ముందు దెబ్బ తింటుంది.

అన్నిటికన్నా మొండిగా వేళ్లూనుకున్న నమ్మకం మరొకటి ఉంది. ఎండాకాలం గాలి వ్యాకోచించి టైరు పేలుతుంది కాబట్టి కాస్త గాలి తీసేసి నడపాలట. ఇందులో సగం నిజం ఉంది, అందుకే ఇది చావడం లేదు. వేడెక్కితే పీడనం పెరగడం నిజమే. ఎంత పెరుగుతుందో లెక్క కట్టవచ్చు. ఉదయం 30 డిగ్రీల దగ్గర 36 పీఎస్ఐ ఉన్న టైరులోని గాలి, ఎండలో హైవే మీద పరుగెత్తి 60 డిగ్రీలకు చేరితే గేజ్ సుమారు 41 చూపిస్తుంది. ఈ 5 పీఎస్ఐ పెరుగుదల తయారీదారుకు తెలుసు. చీటీ మీది అంకె చల్లటి టైరుకు చెప్పిందే, పైన పెరిగేదానికి చోటు వదిలే చెప్పింది. చాలా కారు టైర్ల పక్కగోడ మీద గరిష్ఠ పీడనం 50 పీఎస్ఐ దాకా ఉంటుంది. అది దాటకూడని గీత, నింపాల్సిన కొలత కాదు.

ఇప్పుడు ఆ 41 చూసి కంగారుపడి, దారిలో ఆగి 36కు దించారనుకుందాం. మర్నాడు ఉదయం టైరు చల్లారాక అందులో ఉండేది సుమారు 31 మాత్రమే. గాలి తగ్గిన టైరు బరువుకు ఎక్కువగా నలుగుతుంది. గంటకు 120 కిలోమీటర్ల వేగంలో చక్రం సెకనుకు దాదాపు 16 సార్లు తిరుగుతుంది, తిరిగిన ప్రతిసారీ పక్కగోడ ఒకసారి వంగి లేస్తుంది. వంచిన రబ్బరు తిరిగి లేచేటప్పుడు తీసుకున్న శక్తినంతా వెనక్కి ఇవ్వదు, కొంత వేడిగా మిగిలిపోతుంది. గాలి ఎంత తగ్గితే వంపు అంత ఎక్కువ, వేడీ అంత ఎక్కువ. ఆ వేడికి లోపలి ఉక్కు తీగల పొరకూ రబ్బరుకూ మధ్య పట్టు సడలుతుంది, చివరికి టైరు విచ్చిపోతుంది. పేలుతుందన్న భయంతో గాలి తీసినవాడు పేలడానికే దారి వేసినట్టు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద 2023 నుంచి గంటకు 120 కిలోమీటర్ల వేగానికి అనుమతి ఉంది. మే నెల మధ్యాహ్నం ఆ రోడ్డు ఎక్కే కారుకు ఇది పాఠ్యపుస్తకం సంగతి కాదు.

ఈ నమ్మకానికి బహుశా రేస్ ట్రాకులు కూడా కొంత బలం ఇచ్చి ఉంటాయి. చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టైలోనో గ్రేటర్ నోయిడాలోనో ట్రాక్ మీదికి కారు తీసుకెళ్లేవారు చల్లటి టైరులో గాలి కావాలనే తగ్గిస్తారు. నాలుగైదు చుట్లు తిరిగేసరికి టైరు బాగా వేడెక్కి, పీడనం కావలసిన చోటికి చేరాలన్నది వారి లెక్క. చుట్టు చుట్టుకీ ఆగి కొలుచుకుంటారు, ఇంటికి బయల్దేరే ముందు మళ్లీ నింపుకుంటారు. రోడ్డు మీద ఈ రెండూ ఎవరూ చేయరు. నైట్రోజన్ నింపిస్తే ఈ బాధ ఉండదని అమ్మేవారు ఉన్నారు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్, వేడికి అదీ ఇంచుమించు ఇలాగే వ్యాకోచిస్తుంది. తేమ ఉండదు, కాస్త నెమ్మదిగా కారుతుంది, అంతవరకే లాభం.

వానాకాలానికీ లెక్క ఉంది. విమానాల టైర్లు నీటి పొర మీద ఎప్పుడు తేలిపోతాయో నాసా శాస్త్రవేత్తలు 1960లలో పరిశోధించి ఒక సూత్రం ఇచ్చారు: పీఎస్ఐలలో ఉన్న పీడనానికి వర్గమూలం తీసి 9తో గుణిస్తే నాట్లలో ఆ వేగం వస్తుంది. 36 పీఎస్ఐకి అది గంటకు దాదాపు 100 కిలోమీటర్లు, 25 పీఎస్ఐకి 83. కారు టైరులో గాడుల లోతు, వెడల్పు కూడా పని చేస్తాయి కాబట్టి ఈ అంకెలను అక్షరాలా పట్టుకోకూడదు. అయినా గాలి తగ్గితే తేలిపోయే వేగమూ తగ్గుతుందన్న దిశ స్పష్టమే. ట్రాక్ కోసం చేసిన, గాడులు తక్కువున్న మెత్తటి టైర్లను ఏడాది పొడవునా రోడ్డు మీద తిప్పడం ఇక్కడి వానలకు నప్పని సరదా. కంపెనీ ఆమోదించిన టైరునే నాలుగు చక్రాలకూ వేయడం మేలు. పోర్షెకైతే 'ఎన్' అక్షరం, బీఎండబ్ల్యూకైతే నక్షత్రం గుర్తు టైరు మీదే ఉంటాయి.

స్పోర్ట్స్ కార్లకు ప్రత్యేకంగా వచ్చే జబ్బు ఇంకొకటి ఉంది. అవి షెడ్డులో నిలబడే రోజులే ఎక్కువ. టైరు అరగదు, ముసలిదవుతుంది. ఆక్సిజన్, ఓజోన్ తగిలి రబ్బరు గట్టిపడుతుంది, గాడులు మాత్రం కొత్తవాటిలా కనిపిస్తాయి. 2013 నవంబరులో కాలిఫోర్నియాలో నటుడు పాల్ వాకర్, అతని స్నేహితుడు మరణించిన ప్రమాదంలో కారు పోర్షె కరేరా జీటీ. గంటకు 72 కిలోమీటర్లు దాటకూడని రోడ్డు మీద అది 130 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో వెళ్లిందని, వేగమే ప్రమాదానికి కారణమని దర్యాప్తు అధికారులు తేల్చారు. టైర్ల వయసు తొమ్మిదేళ్లు దాటిందని, అది కారు అదుపును దెబ్బతీసి ఉండవచ్చని కూడా రాశారు. టైరు పుట్టిన తేదీ పక్కగోడ మీదే నాలుగు అంకెల్లో ఉంటుంది: 2319 అంటే 2019లో 23వ వారం. కొనేటప్పుడు ఆ నాలుగు అంకెలు చదివి, పాతబడిన సరుకైతే వద్దనే కొనుగోలుదారులు ఎందరు?

ఫైర్‌స్టోన్ టైర్లు విచ్చిపోయి ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్లు బోల్తాపడిన వరుస ప్రమాదాల తర్వాత అమెరికా 2000లో చట్టం చేసి, గాలి తగ్గితే హెచ్చరించే దీపాన్ని కార్లలో తప్పనిసరి చేసింది. ఇక్కడ 2020లో ఆ ఏర్పాటుతో పాటు పంక్చర్ కిట్ ఉన్న ట్యూబ్‌లెస్ టైర్ల కార్లకు స్టెప్నీ లేకపోయినా ఫర్వాలేదని నిబంధన మార్చారు. స్టెప్నీ బదులుగా కాక, ప్రతి కారుకూ ఆ దీపాన్ని తప్పనిసరి చేయాలి. అయితే దీపాన్ని నమ్ముకుని గేజ్‌ను మర్చిపోకూడదు. అమెరికా నిబంధన ప్రకారం అది వెలగాల్సింది గాలి 25 శాతం తగ్గాకే, అంటే 36 ఉండాల్సిన టైరులో 27కు పడిపోయాక. పైన చెప్పిన 31 దగ్గర అది మౌనంగానే ఉండవచ్చు. బంకులో "జీరో చూసుకోండి సార్" అని పెట్రోలుకు చూపించే శ్రద్ధ గాలి గేజ్‌కూ రావాలి: దాన్ని చివరిసారి ఎప్పుడు సరిచూశారో తేదీ వేసి మిషను మీద అంటించాలి. టైరు బిల్లు మీద ఆ నాలుగు అంకెల తేదీ కూడా రాయాలి. కొన్ని వందల రూపాయలకు దొరికే సొంత గేజ్ ఒకటి డ్యాష్‌బోర్డు అరలో ఉంటే, ఉదయం కారు బయటికి తీయకముందే కొలుచుకోవచ్చు. ఇంటి నుంచి బంకు దాకా నడిపేసరికే టైరు వేడెక్కడం మొదలవుతుంది.