బీరువాలోని కెమెరాకు మళ్లీ డ్యూటీ

2020లో లాక్‌డౌన్ పడగానే వెబ్‌క్యామ్‌లు దొరక్క జనం తిప్పలు పడ్డారు. ఆ ఏడాదే కెనాన్, ఫ్యూజీఫిల్మ్, నికాన్, సోనీ తమ కెమెరాలను వెబ్‌క్యామ్‌లుగా మార్చే ఉచిత సాఫ్ట్‌వేర్ తెచ్చాయి. పెళ్లిళ్లకు తప్ప బీరువా దాటని డీఎస్ఎల్ఆర్‌లకు పని దొరికింది.

తేడా కంటికి కనిపించేదే. పెద్ద సెన్సర్ తక్కువ వెలుతురులోనూ ముఖాన్ని తేటగా చూపిస్తుంది. మంచి లెన్స్ అయితే వెనకాల ఆరేసిన బట్టల్నీ మసకబార్చి పరువు కాపాడుతుంది! కానీ మీటింగ్ మధ్యలో బ్యాటరీ చేతులెత్తేస్తుంది, చాలాసార్లు బ్యాటరీ స్థానంలో పెట్టే డమ్మీ బ్యాటరీతో కరెంటు ఇవ్వాల్సి వస్తుంది. కొన్ని మోడళ్లు వేడెక్కి ఆగిపోతాయి. పైగా కాలింగ్ యాప్ వీడియోను కుదించి పంపుతుంది కాబట్టి, ఆ నాణ్యతంతా అవతలివారికి చేరదు.

ఆన్‌లైన్ పాఠాలు చెప్పేవారికి ఇది లాభమే. ఆఫీసు మీటింగ్ కోసమే కొత్త కెమెరా కొనడం మాత్రం దండగ. ఇంట్లో ఉంటే వాడండి. లేదంటే కిటికీకి ఎదురుగా కూర్చోండి, ఆ డబ్బులో కొంత పెట్టి మంచి మైకు కొనండి.