నెత్తురు నిలుపు రొయ్యపెంకు

మా కైరుప్పల మెట్టసీమలోని యూరు. సముద్రము మాకు బహుదూరము. అయినను మా యూరి పిడకల సమరమే ఈ మాసమున మమ్ము సముద్రపు సరకునొద్దకు నడిపించినది.

ఉగాది మఱునాడు ఊరివారు వీరభద్రస్వామి పక్షమనియు, భద్రకాళీదేవి పక్షమనియు చీలి పిడకలతో కొట్టుకొందురు. దెబ్బతిన్నవారు గుడిలోని విభూతి పూసికొందురు. మొన్నటి సమరమున మా యెదురింటి పిల్లవానికి నుదురు చిట్లినది. వాని తల్లి విభూతికై పరుగిడగా, మేము ఉతికి యెండవేసిన గుడ్డను మడిచి గాయముపై నదిమి పట్టితిమి. నిలిచినదో లేదో యని నడుమ నెత్తి చూడ మనసగును గాని చూడరాదు. కట్టుచున్న గడ్డ చెదరును. పది నిమిషములకు నెత్తురు నిలిచినది. తరువాత ఆసుపత్రిలో గాయము కడిగి, కుట్లు వేసి, ధనుర్వాతము రాకుండ సూది వేసిరి. పేడయందు ఆ రోగబీజములుండును.

ఆ రాత్రి మేము సుశ్రుతసంహిత తెఱచి సూత్రస్థానము 14వ అధ్యాయము చూచితిమి. నెత్తురు నిలుపుటకు సంధానము, స్కందనము, పాచనము, దహనము అను నాలుగు ఉపాయములు అందు కలవు. గాయముఖమున చల్లి వ్రేలికొనతో నదుమవలసిన చూర్ణములలో శంఖము, ముత్యపుచిప్ప, సముద్రఫేనము కనబడినవి. పాచనమునకు భస్మమునుకూడ చెప్పిరని విని పిల్లవాని తల్లి మురిసినది. తెఱచిన గాయమున బూడిద వేయుట నేడు తగదని చెప్పుటకు మాకు కొంత ధైర్యము కావలసివచ్చినది.

శంఖము సున్నపుజాతి. నేటి వైద్యులు వాడుచున్న రొయ్యపెంకు సారము వేఱు. రొయ్యల సాగున ఆంధ్రప్రదేశ్ దేశమున మొదటిది. భీమవరము, నెల్లూరు ప్రాంతములనుండి రొయ్యలు విదేశములకు పోగా తలలు, పెంకులు కుప్పలుగా మిగులును. ఆ పెంకులను పలుచని ఆమ్లమున నానవేసి సున్నమును, క్షారమున నుడికించి మాంసకృత్తులను తొలగింపగా కైటిన్ మిగులును. దానినే మఱల గాఢక్షారమున కాచినచో కైటోసాన్ అగును. 1957లో కొచ్చిన్‌లో స్థాపింపబడి, విశాఖపట్టణమున శాఖగల కేంద్ర మత్స్య సాంకేతిక పరిశోధన సంస్థ ఈ పదార్థములపై చిరకాలముగా పనిచేయుచున్నది.

కైటోసాన్ ధనవిద్యుత్తు గలది; ఎఱ్ఱ రక్తకణముల పైపొర ఋణవిద్యుత్తు గలది. కనుక కణములు దానినంటుకొని గడ్డయై గాయముఖమును మూయును. సుశ్రుతుని స్కందనమున కిది దగ్గఱ చుట్టమని మా తలంపు. 2003 ప్రాంతమున అమెరికా సైనికులు యుద్ధమున ఇట్టి పట్టీలను వాడిరి. మఱియొక గుణముకూడ కలదు: మన కన్నీటిలోనుండు లైసోజైమ్ దీనిని మెల్లమెల్లగ విడగొట్టును. అందుచే చర్మమో యెముకయో తీగవలె ప్రాకుటకు దీనిని పందిరిగా వేసి, తీగ ముదిరినపిదప పందిరి తానే కరగునట్లు చేయు పరిశోధనలు జరుగుచున్నవి.

అయినను ఇది ధనుర్వాతపు సూదికి బదులు కాజాలదు. రొయ్యలు పడనివారు ముందుగ వైద్యునికి తెలుపవలెను.

“రొయ్య తగిలిన పట్టీ మనము కట్టుకొనవచ్చునా అమ్మా?” యని మా పొరుగామె యడిగినది. శంఖముతో తీర్థమిచ్చునపుడు అది ఏ ప్రాణి యిల్లని యెన్నడైన అడిగితివా యని మేమంటిమి. ఆమె నవ్వినదిగాని సమాధానపడినట్లు తోచలేదు.

పిల్లవాడు వచ్చే యుగాదికి మఱల బారులో నిలుతునని ఇప్పుడే చెప్పుచున్నాడు. వాని తల్లి మాత్రము పాత పంచె చింపి, మరుగునీట నుడికించి, మడతలు పెట్టి దాచినది.