స్త్రీల ధైర్యము – మన కర్తవ్యము

మన సంఘపు సభలలోను, వివాహ వేదికలపైనను, సంస్మరణ సమావేశములలోను స్త్రీలను గూర్చి మంచిమాటలు చెప్పుట మనకు అలవాటు. ఇంటికి దీపము ఇల్లాలని ప్రతి వక్తయు నుడువును, సభ్యులు కరతాళధ్వనులు చేయుదురు, సభ ముగియును. ఆ మాటలు అసత్యములు కావు. అయితే వ్యాపారము చేయువారికి ఒక సంగతి బాగుగా తెలియును. అప్పు తీసికొన్నవాడు ఋణదాతను ఎంత పొగడినను పద్దు చెల్లు కాదు. స్త్రీల ధైర్యమువలన, ఓర్పువలన మన కుటుంబములు పొందిన బలమును మనము ఏ ఖాతాలో జమ కట్టితిమి? ఈ వారము పాఠక మహాశయుల ముందుంచదలచిన ప్రశ్న ఇదియే.

రాయచూరు కోటను చూడనివారు మనలో ఉండరు. కాకతీయ సామంతుడైన గోన గన్నయరెడ్డి ఆనతిపై విఠలనాథుడు క్రీ.శ. 1294లో ఆ కోటను కట్టించినట్లు అచ్చటి పెద్ద శిలపై చెక్కబడియున్నది. నలువది అడుగులకు మించిన ఆ రాతిని బండిపై నెక్కించి, పశువులచే లాగించి తెచ్చిన విధమును గోడపై చిత్రించియున్నారు. అందు కట్టించినవారి పేర్లున్నవి. రాయి తెచ్చినవారి రూపములే కాని పేర్లు లేవు. ఆ శాసనమునకు అయిదేండ్ల ముందు, 1289లో కన్నుమూయువరకు, కాకతీయ రాజ్యమును ఏలినది రుద్రమదేవి. కనుక స్త్రీ అధికారమును వహించుట మనకు క్రొత్త సంగతి కాదు. కాని రాణి పేరు శాసనమునకెక్కును. బరువు మోసినవారి పేరు ఎక్కదు. మన ఇండ్లలోని స్త్రీలు చాలవరకు ఈ రెండవ కోవకు చెందినవారే.

మన జిల్లా చరిత్రలోనే దీనికి గొప్ప నిదర్శనము గలదు. హైదరాబాదు, మద్రాసు ప్రభుత్వములు 1945లో తుంగభద్ర ఆనకట్టకు శంకుస్థాపన చేసినవి. 1953లో కాలువకు నీరు వచ్చినది. కృష్ణా, గుంటూరు, గోదావరి మండలముల రైతులెందరో స్వగ్రామములలోని కొద్దిపాటి భూములను విక్రయించి, ఎడమ గట్టు కాలువ క్రింద సింధనూరు, మాన్వి, గంగావతి ప్రాంతములకు వచ్చి నల్లరేగడి నేలలు కొనిరి, క్యాంపులు వేసికొనిరి. గంగావతి 1997లో కొప్పళ జిల్లాలో చేరినది గాని, ఆనాడు అదియు మన జిల్లాలోనిదే. ఆ రైతుల సాహసమును గూర్చి మనము ఎన్నోసార్లు వ్రాసికొంటిమి. వారితో వచ్చిన స్త్రీలను గూర్చి ఎంత వ్రాసికొంటిమి?

భూమి కొన్నది పురుషుడు. దస్తావేజుపై సంతకము అతనిది. ఆ భూమిపై కాపురము నిలిపినది స్త్రీ. తుమ్మచెట్లు కొట్టి చదును చేయవలసిన నేలపై పాక వేసికొన్న తొలి యేండ్లలో త్రాగునీటికై దూరము నడిచినది ఆమె. పురుగు పుట్ర భయము మధ్యనే బిడ్డలను పెంచినది ఆమె. భాష తెలియని సంతలో వ్రేళ్ళతో లెక్క చూపి ఉప్పు, పప్పు తెచ్చికొన్నది ఆమె. తెల్లవారకముందే వంట ముగించి, పగలెల్ల నారుమడిలోను నాట్లలోను నడుము వంచి, చీకటిపడిన పిదప మరల పొయ్యి రాజేసినది ఆమె. పుట్టింటికి పోవలెనన్న రైళ్ళు, బస్సులు మారి పోవలసిన దూరము. కష్టము చెప్పుకొనుటకు తల్లి లేదు, తోబుట్టువు లేదు. అట్టి వేళ ఆమెకు నాట్లలోను కలుపులోను తోడు నిలిచినవారు ఈ నేలనే పుట్టిన కన్నడ సోదరీమణులు. మన క్యాంపుల సౌభాగ్యములో వారి చెమట కూడ గలదని మరువరాదు.

కాలువ నీరు వచ్చినంత మాత్రమున కష్టము తీరలేదు. చివరి భూములకు నీరందని సంవత్సరములున్నవి. పంట చేతికి వచ్చినను ధర పలుకని సంవత్సరములున్నవి. 2024 ఆగస్టు 10వ తేదీ రాత్రి తుంగభద్ర ఆనకట్ట 19వ ద్వారము గొలుసు తెగి కొట్టుకొనిపోయినప్పుడు, జలాశయము ఖాళీయగునేమో యని కాలువ క్రింది గ్రామములన్నియు తల్లడిల్లినవి. అట్టి దినములలో పురుషులు అరుగులపై కూర్చుండి ప్రభుత్వమును గూర్చి చర్చించుచుండగా, ఇంటిలో ఎన్ని నెలలకు బియ్యము గలవో, పిల్లల రుసుము ఎప్పుడు చెల్లించవలెనో, ఏ నగ తాకట్టు పెట్టవలెనో లెక్కించుచుండువారు స్త్రీలు. ఆపదలో ఇల్లు నిలుపు విద్య వారికి ఎవరును నేర్పలేదు, అవసరమే నేర్పినది.

వర్తక కుటుంబముల సంగతియు ఇట్టిదే. మా ఇంటి విషయమొకటి చెప్పుదును. మా తాతగారు పోవునాటికి మా నాయనమ్మగారికి ముప్పదియేండ్లు నిండలేదు. ముగ్గురు పిల్లలు, అప్పులతో నున్న అడతి దుకాణము ఆమెకు మిగిలినవి. దుకాణము అమ్మివేసి పుట్టింటికి పొమ్మని బంధువులు హితము చెప్పిరి. ఆమె వినలేదు. ప్రతి రాత్రి గుమాస్తా చిట్టా చదువుచుండగా, తలుపు వెనుక కూర్చుండి చింతగింజలతో లెక్క సరిచూచుకొనెడిది. ఒక అణా తేడా వచ్చినను గుమాస్తాను ఇంటికి పోనిచ్చెడిది కాదు. మా నాయనగారు చేతికంది వచ్చువరకు దుకాణమును నడిపినది ఆమెయే. అయినను బోర్డుపై పేరు మొదట గతించిన తాతగారిది, పిదప మా నాయనగారిది. ఆమె పేరు ఆ దుకాణపు కాగితములలో ఎచ్చటను లేదు. రాయచూరు, సింధనూరు బజారులలో వెదకినచో ఇట్టి కథ ప్రతి వీధిలో ఒకటి దొరకును.

మన భాషను నిలిపినదియు స్త్రీలే. 1956 నవంబరు 1వ తేదీన మన జిల్లా మైసూరు రాష్ట్రములో చేరినది. పాఠశాలయు, కచేరియు, బజారును కన్నడమున నడచుట సహజము, న్యాయము. మన పిల్లలు కన్నడమును చక్కగా నేర్చి ఈ రాష్ట్రపు పౌరులుగా తలయెత్తుకొని తిరుగుట మనకు గర్వకారణము. అయినను మూడు నాలుగు తరముల పిదప కూడ మన ఇండ్లలో తెలుగు వినిపించుచున్నదనిన, అది తీర్మానముల వలన కాదు. జోల పాడిన తల్లి వలన, కథ చెప్పిన అమ్మమ్మ వలన.

పరాయి ప్రాంతమున వసించుచు తెలుగువారికి వెలుగు చూపిన స్త్రీలు ఇరువురిని ఇచ్చట స్మరించుట ఉచితము. మొదటివారు భండారు అచ్చమాంబగారు. 1874లో జన్మించి, భర్త ఉద్యోగరీత్యా మధ్యరాష్ట్రమున కాపురముండిన ఆమె, పాఠశాలకు పోకయే చదువు నేర్చినారు. తమ్ముడు కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు ఆమె ఇంటనుండియే నాగపురమున చదువుకొనిరి. తమ్మునికి అన్నము పెట్టిన అక్క తమ్మునివద్దనే అక్షరములు దిద్దినది. కడుపున పుట్టిన బిడ్డలను పోగొట్టుకొనియు దుఃఖమున క్రుంగక, అనాథ బాలలను చేరదీసినారు. అబలలన్న పేరు స్త్రీలకు తగదని చూపుటకై ప్రసిద్ధ స్త్రీల చరిత్రలను సేకరించి "అబలా సచ్చరిత్ర రత్నమాల"ను రచించినారు. 1902లో బందరున స్త్రీ సమాజమును నెలకొల్పుటలో పాల్గొనినారు. 1905లో, ముప్పది యేండ్ల ప్రాయముననే గతించినారు.

రెండవవారు దుర్గాబాయమ్మగారు. 1909లో రాజమహేంద్రవరమున జన్మించి, ఎనిమిదవ యేటనే వివాహితయై, ఊహ తెలిసిన పిదప ఆ బంధమునుండి విడివడి దేశసేవకు పూనుకొన్న ధీరురాలు. 1923 కాకినాడ కాంగ్రెసు సందర్భమున ఖద్దరు ప్రదర్శనశాల ద్వారముకడ స్వయంసేవికగా నిలిచి, టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూగారినే ఆపిన బాలిక ఆమె. ఉప్పు సత్యాగ్రహమున కారాగారమనుభవించి, వెలుపలికి వచ్చిన పిదప మెట్రిక్యులేషను మొదలుకొని న్యాయశాస్త్రము వరకు చదివినారు. రాజ్యాంగ సభలో సభ్యురాలైరి. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలైరి. చదువు మధ్యలో ఆగిపోయిన వయోజన స్త్రీలు స్వల్పకాలములో పరీక్షకు కూర్చుండునట్లు ఆ మండలి 1958లో సంక్షిప్త పాఠ్యక్రమములను ఆరంభించినది.

మనము ప్రత్యేకముగా గమనింపవలసిన విషయమొకటి గలదు. దుర్గాబాయమ్మగారు 1937లో ఆంధ్ర మహిళా సభను స్థాపించినది మద్రాసు నగరమున. తమిళ సోదరుల మధ్య నున్న తెలుగు ఆడపడుచులకు చదువు, వృత్తివిద్య నేర్పుటకై ఆరంభమైన ఆ సంస్థ క్రమముగా పాఠశాలలు, వైద్యశాలలు నడుపు మహాసంస్థయైనది. పరభాషా ప్రాంతమున నెలకొన్న తెలుగు సంఘమే, స్త్రీలు నడుపుటచే, ఎల్లరకు ఉపకరించు సంస్థయైనది. మనకు ఇంతకంటె దగ్గర పాఠము వేరొకటి లేదు.

ఈ చరిత్రలనుండి ధైర్యము పొందుట యనగా ఏమి? చదివి ఆనందించి, పుస్తకము మూయుట కాదు. ఆమె ఓర్చుకొనును గనుక ఇంకొంత భారము మోపవచ్చునని తలచుట అసలే కాదు. ఓర్పును పొగడుచు ఓర్వవలసిన కష్టమును అట్లే ఉంచుట న్యాయము గాదు. ఆమె శ్రమకు తగిన హక్కును ఆమె పేర వ్రాయుటయే నిజమైన గౌరవము.

చట్టము మనకంటె ముందు నడచినది. 1956 హిందూ వారసత్వ చట్టము కుమార్తెను తండ్రి స్వార్జితమునకు వారసురాలిని చేసినది. ఉమ్మడి ఆస్తిలో కుమార్తెకు పుట్టుకతో హక్కునిచ్చు సవరణ ఆంధ్రప్రదేశ్‌లో 1985 నుండియు, మన కర్ణాటకములో 1994 నుండియు అమలులోనికి వచ్చినది. అయితే అప్పటికే వివాహమైన కుమార్తెలకు అది వర్తింపలేదు. 2005లో పార్లమెంటు చేసిన సవరణ ఆ భేదమును తొలగించినది. 2005 నాటికి తండ్రి జీవించియుండకపోయినను కుమార్తె హక్కు పోదని 2020 ఆగస్టు 11వ తేదీన సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. అంతకు పూర్వమే సక్రమముగా జరిగిన విభాగములను మాత్రము కదలింపరాదు.

మన ఇండ్లలో జరుగునది వేరు. తండ్రి పోయిన నెలకో రెండు నెలలకో అన్నదమ్ములు ఆడపడుచును పిలిపింతురు. చీర, రవికెలగుడ్డ పెట్టుదురు. ఒక కాగితము ముందుంచుదురు. హక్కు విడిచితినని వ్రాసియున్న ఆ కాగితముపై, పుట్టింటి గడప మూతబడునన్న భయమున, ఆమె చదువకయే సంతకము చేయును. దీనిని మనము ప్రేమ యని పిలుచుచున్నాము.

కట్నకానుకలు ఇచ్చితిమి గదా యని కొందరు వాదింతురు. 1961 నుండి కట్నము చట్టవిరుద్ధము. అదియుగాక అది చేరినది ఆమె పెట్టెకు కాదు, అత్తవారి చేతికి. భూమి ముక్కలగునని మరికొందరందురు. నలుగురు కుమారులు పంచుకొన్నప్పుడు ముక్కలు కాని భూమి, కుమార్తె చేరినంతనే ముక్కలగునా? భూమిని విడదీయలేని చోట న్యాయమైన వెల కట్టి ఆమె భాగమును రొక్కముగా ఇచ్చు మార్గమున్నది. దుకాణములో ఆమెను భాగస్వామిగా చేర్చు మార్గమున్నది. మనసుండవలెను గాని, రాజేంద్ర గంజ్‌లో దినదినము వేలకొలది బస్తాలకు వెల కట్టు మనకు ఈ లెక్క కఠినమైనది కాదు.

కనుక మన సంఘము ముందు కొన్ని సూచనలుంచుచున్నాము. మొదటిది, సంఘపు కార్యవర్గమున స్త్రీలకు స్థానము. కర్ణాటక పంచాయతీలలో సగము స్థానములు స్త్రీలకు కేటాయించుచు 2010లోనే చట్టము వచ్చినది. గ్రామమును నడుపదగినవారు సంఘమును నడుపజాలరా? పులిహోర కలుపుటకును, హారతి పళ్ళెము పట్టుటకును మాత్రమే వారిని పిలుచు పద్ధతి ఇంతటితో ముగియవలెను.

రెండవది, నెలకొకసారి ఒక సాయంకాలము న్యాయవాదినొకరిని పిలిపించి, పహాణీ, దస్తావేజు, బ్యాంకు కాగితములు చదువు విధమును స్త్రీలకు బోధింపజేయవలెను. సంతకమునకు ముందు చదువుట పాపము కాదని మన ఆడపిల్లలకు తెలియవలెను.

మూడవది, మన వృద్ధ స్త్రీలు చెప్పు కథలను, పాటలను, క్యాంపుల తొలినాటి జ్ఞాపకములను వారి పేర్లతో వ్రాసి ఈ పత్రికలో ప్రకటింపవలెను. ఆ తరము త్వరితముగా తరలిపోవుచున్నది. ఈ పని ఆలస్యమునకు ఓర్వదు.

నాల్గవది ప్రతి ఇంటివారును తమంత తాము చేయదగినది. ఈ సంవత్సరము ముగియులోపల ఇంటి పత్రమునందో, పొలపు పహాణీయందో, దుకాణపు లైసెన్సునందో ఇంటి స్త్రీ పేరు ఒక్కచోటనైనను చేర్చవలెను. పెద్ద సభ అక్కరలేదు, ఉపన్యాసము అక్కరలేదు. కచేరికి ఒక్క దినము పోయి వచ్చిన చాలును.

ఎడమ గట్టు కాలువ పారినంతమేర మన పచ్చదనము కనిపించుచున్నది. ఆ పచ్చదనమునకు నీరు తుంగభద్ర ఇచ్చినది. నారు వేసిన చేతులు మన తల్లులవి, అత్తలవి, అక్కచెల్లెండ్రవి. ఆ చేతులకు నమస్కరించుటతో మన ఋణము తీరదు. పత్రముపై వారి పేరు వ్రాసిన నాడే పద్దు సరియగును. ఈ పనికి సభ్యులెల్లరు పూనుకొందురనియు, వచ్చు సర్వసభ్య సమావేశమున పై సూచనలు తీర్మానములగుననియు ఆశించుచున్నాము.