పెద్దసారు చివర మాట్లాడాలి

నయా రాయపూర్ ఆఫీసుల కోసమే పుట్టిన ఊరు. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ ఏర్పడ్డాక పాత రాయపూర్‌కు ఆగ్నేయాన, పల్లెల మధ్య పొలాల్లో కొత్త రాజధాని లేచింది. 2012లో సచివాలయం మహానది భవన్‌కు మారింది. శాఖాధిపతుల కార్యాలయాలకు ఇంద్రావతి భవన్ ఉంది. 2025 నవంబరు 1న కొత్త శాసనసభ భవనమూ ప్రారంభమైంది. విశాలమైన రోడ్లు, పెద్దపెద్ద సమావేశ మందిరాలు, బల్ల మీద వరసగా మైకులు. కట్టడాలకు ఏ లోటూ లేదు. ఆ బల్ల చుట్టూ మాట ఎలా నడుస్తుందన్నదే ప్రశ్న.

ఈ ప్రశ్న ఒక్క నయా రాయపూర్‌దే కాదు. అమరావతి, హైదరాబాద్‌తో సహా మన సచివాలయాలన్నిటిదీ. సమీక్షా సమావేశం అనగానే అందరికీ తెలిసిన తంతు ఒకటుంది. పెద్దసారు వస్తారు, అందరూ లేచి నిలబడతారు, ఆయన తన అభిప్రాయం ముందే చెప్పేస్తారు. ఆ తర్వాత మాట్లాడేవాళ్లంతా దానికి వంత పాడతారు. బోర్లు ఎందుకు ఎండిపోయాయో, రేషన్ ఏ ఊళ్లో ఆగిందో నిజంగా తెలిసిన జిల్లా అధికారి చివరి వరసలో ఫైలు పట్టుకుని కూర్చుంటాడు. అతని వంతు వచ్చేసరికి టైం అయిపోతుంది. అసలు సంగతులు బయటికొచ్చాక టీకొట్టు దగ్గర తెలుస్తాయి. అక్కడ మినిట్స్ రాసేవాళ్లు ఉండరు.

దీనికి విరుగుడు తెలుగు నేల మీదే దొరికింది, అదీ నలభై ఏళ్లకు ముందే. రామచంద్రాపురం బీహెచ్ఈఎల్‌లో 1980లో ఎస్.ఆర్. ఉడుపా చొరవతో క్వాలిటీ సర్కిళ్లు మొదలయ్యాయి. దేశంలో అవే మొదటివి. రెండేళ్లకే, 1982లో, క్వాలిటీ సర్కిల్ ఫోరం ఆఫ్ ఇండియా హైదరాబాద్ జంటనగరాల్లో పుట్టింది. మూలం జపాన్. 1962లో అక్కడ కౌరు ఇషికావా నడిపిన ఉద్యమం అది.

ఏర్పాటు చాలా సాదా. ఒకే సెక్షన్‌లో ఒకే రకం పని చేసే కొద్దిమంది కార్మికులు తమంతట తాము వారానికో గంట కూర్చుంటారు. తమ పనిలో ఎదురయ్యే ఒక సమస్యను పట్టుకుంటారు. వరసగా ఒక్కొక్కరూ ఒక్కో కారణం చెప్పాలి. తోచకపోతే ‘పాస్’ అనొచ్చు. జాబితా పూర్తయ్యేదాకా ఎవరి మాటనూ ఎవరూ తప్పుపట్టకూడదు. ఆ తర్వాతే తర్కం, లెక్కలు, ఓటింగ్. సర్కిల్‌కు లీడర్ కార్మికుల్లోంచే వస్తాడు. పక్కన ఫెసిలిటేటర్ అని ఒక అధికారి ఉంటాడు. పరిష్కారం చెప్పడం అతని పని కాదు. అందరూ మాట్లాడారా, మాట దారి తప్పిందా, కార్మికులు అడిగిన వివరాలు వేరే విభాగం నుంచి వచ్చాయా అన్నది చూడటమే అతని పని. ఈ ఒక్క పదవే మొత్తం పద్ధతికి ప్రాణం. మన ఆఫీసులు అన్నీ తెచ్చుకుని దీన్నే వదిలేశాయి.

నయా రాయపూర్‌కు కాస్త దూరంలోని భిలాయి ఉక్కు కర్మాగారంలో క్వాలిటీ సర్కిళ్లు కార్మికులకు తెలిసినవే. అక్కడ తరాలుగా పనిచేస్తున్న తెలుగు కుటుంబాలకూ అవి కొత్త కాదు. కొలిమి దగ్గర పనికొచ్చిన పద్ధతి సచివాలయంలో పనికిరాదనడం అన్యాయం.

కార్మికులతో సాధ్యమేమో గానీ ప్రభుత్వంలో కుదరదనే వారికి ఛత్తీస్‌గఢ్ చరిత్రే జవాబు. 2002లో ఈ రాష్ట్రం మితానిన్ కార్యక్రమం మొదలుపెట్టింది. ప్రతి పల్లెలో, పల్లెలోని ప్రతి పారాలో (వాడలో) ఒక మహిళను మితానిన్‌గా, అంటే ఆరోగ్య కార్యకర్తగా, ఆ పారావాళ్లే ఎంచుకోవాలి. సర్పంచ్ తన ఇంటి కోడలి పేరు చెప్పేసి ముగించే ప్రమాదం అందరికీ తెలుసు. అందుకే ‘ప్రేరక్’ అనే వారికి శిక్షణ ఇచ్చి పారాలకు పంపారు. మహిళలను కూర్చోబెట్టి వాళ్ల నోటితోనే పేరు చెప్పించడం ప్రేరక్ పని. 2005లో దేశమంతటా వచ్చిన ఆశా కార్యకర్తల పథకానికి ఈ మితానిన్లే దారి చూపారు. అడవి పల్లెలో చర్చ నడిపేందుకు మనిషిని పెట్టగలిగిన ప్రభుత్వం తన సమావేశ మందిరంలో పెట్టలేకపోవడానికి కారణం డబ్బు కాదు. కుర్చీ మర్యాద.

ఆ మర్యాదకు సైన్యం కంటే ఎక్కువ విలువ ఇచ్చే సంస్థ ఏముంది? అలాంటి సైన్యమే కోర్టు మార్షల్‌లో సభ్యుల అభిప్రాయం అడిగేటప్పుడు హోదాలో అందరికంటే చిన్నవాడితో మొదలుపెడుతుంది. పైవాడి మాట విన్నాక కిందివాడి నోరు పెగలదని వాళ్లకు తెలుసు. క్రమశిక్షణకు అక్కడ ఏ లోటూ రాలేదు.

అయితే ఒక హెచ్చరిక అవసరం. 1970ల్లో లాక్‌హీడ్ కంపెనీతో మొదలై అమెరికాలో వేలాది సర్కిళ్లు పుట్టాయి, పదేళ్లు తిరిగేసరికి చాలావరకు మూతపడ్డాయి. కార్మికులు సూచనలు ఇచ్చారు, మధ్యస్థాయి మేనేజర్లు వాటిని అలాగే పక్కన పెట్టేశారు. చెప్పింది ఎటుపోయిందో తెలియనప్పుడు రెండోసారి ఎవరు చెబుతారు? మాట్లాడించి వదిలేయడం అసలు మాట్లాడించకపోవడం కంటే హానికరం.

కాబట్టి మహానది భవన్‌లో ఒక్క శాఖ నెలవారీ సమీక్షతో మొదలుపెట్టినా చాలు. చర్చ నడిపే బాధ్యత వేరే శాఖ అధికారికి ఇవ్వాలి. ఈ పని నేర్పడానికి ఐఐఎం రాయపూర్ అదే ఊళ్లో ఉంది. జిల్లాల నుంచి వచ్చినవాళ్లు ముందు, కార్యదర్శి చివర మాట్లాడాలి. జిల్లావాళ్లు చెప్పిన అభ్యంతరాలకు మినిట్స్‌లో ఒక పేజీ విడిగా ఉండాలి. వాటిలో వేటిని ఒప్పుకున్నారు, వేటిని ఎందుకు తోసిపుచ్చారు అన్నది వచ్చే నెల ఎజెండాలో మొదటి అంశంగా రావాలి.